గెలిచిన రిట్టు

డెబ్బైల చివర్లో నేను హైకోర్టు దగ్గర ఒక వకీలు ఆఫీసులో టైపిస్టుని. ఇల్లు పాతబస్తీలో, జహనుమాలో. మా గోడ పక్కింటి ఆమెను చిన్నప్పటి నుంచీ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాణ్ణి. మా అమ్మకు కుట్టుమిషను నేర్పింది ఆమే. కరాచీ సంబంధం చేసి పంపారు. పదేళ్లకు మొగుడు తలాక్ చెప్పాడు. ఆ దేశపు పాస్‌పోర్టుతో, మూడు నెలల వీసాతో అన్న ఇంటికి తిరిగొచ్చింది.

ఇక్కడే ఉండిపోతానని సర్కారుకు దరఖాస్తు పెట్టుకుంటే ఇంగ్లీషులో రెండు ముక్కల జవాబు వచ్చింది. అంగీకరించడానికి వీల్లేదు, పదిహేను రోజుల్లో దేశం విడిచిపోవాలి. నేనే చదివి చెప్పాను.

"ఎందుకు వద్దంటున్నరో రాసిన్రా తమ్మీ?"

"రాయలే ఆపా."

"గీ గల్లీలనే పుట్టిన. నేను పరాయిదాన్నెట్లయిన?"

మా వకీలు సాబ్‌ను బతిమాలి ఆ ఉత్తర్వు మీద హైకోర్టులో రిట్టు వేయించాను. విచారణ రోజు జడ్జిగారు ఆ కాగితం చూసి, కారణం చెప్పకుండా పొమ్మంటే ఎలా అన్నారు. ఉత్తర్వు కొట్టేసి, మళ్లీ పరిశీలించి కారణాలతో జవాబివ్వమన్నారు.

వరండాలో ఆపా ముసుగెత్తి అడిగింది. "గెలిచినమా?"

"గెలిచినం ఆపా."

ఉండనివ్వమని కోర్టు అనలేదని నాకు తెలుసు. ఆ పూట చెప్పబుద్ధి కాలేదు. ఆమె సాయంత్రం గల్లీ అంతా డబల్ కా మీఠా పంచింది. ఇక ఎప్పుడూ చెప్పలేకపోయాను.

నాలుగు నెలలకు కొత్త ఉత్తర్వు వచ్చింది. ఈసారి పేజీన్నర. మాజీ మొగుడి చెల్లెలు కరాచీలో ఉన్నా ఆపాను గడప తొక్కనివ్వలేదని మొదటి రిట్టు అఫిడవిట్‌లో నేనే టైపు చేశాను. అందులో సగమే తీసుకున్నారు. అక్కడ బంధువులున్నారు కాబట్టి నిరాశ్రయురాలు కాదట.

"మళ్లా ఏద్దాం సాబ్" అన్నాను.

"వేద్దాం. కానీ ఇప్పుడు కారణాలు రాశారు కదయ్యా. అవి న్యాయమా కాదా అన్నది కోర్టు చూడదు."

ఆయన అన్నట్టే అయింది. రెండో రిట్టు అడ్మిషన్‌లోనే, విచారణకు తీసుకోకుండానే పోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆపా ఏడవలేదు. "మొన్న గెలిచినమంటివి కదా తమ్మీ" అంది, అంతే. పోలీసు వచ్చి తేదీ చెప్పిపోయాడు. ఢిల్లీ బండి ఎక్కించడానికి వాళ్లన్న వెళ్లాడు. నేను సెలవు దొరకలేదన్నాను. అడగనే లేదు.

కరాచీ నుంచి ఒక్క ఉత్తరం వచ్చిందని వాళ్లన్న చెప్పాడు. ఎవరింట్లోనో వంట చేస్తోందట. తర్వాత ఏమీ లేదు.

కారణం చెప్పని ఉత్తర్వు చెల్లదన్న ఆ మొదటి తీర్పును మా వకీలు సాబ్ చాలా కేసుల్లో చూపించారు. కొందరికి పని జరిగింది కూడా. ప్రతిసారీ పిటిషన్‌లో ఆపా పేరూ, కేసు నంబరూ టైపు చేసింది నేనే.