ఎర్రమన్ను గీత దాటిన దద్దు

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది, ఎండాకాలంలో మా మామ వీపు మీద దద్దు లేచింది. చెట్టు మొద్దును రంపంతో కోస్తే వలయం లోపల వలయం కనిపిస్తుంది చూడండి, అచ్చం అట్లా, ఎర్రగా. దురదకు ఆయన గోడకు వీపు రుద్ది సున్నమంతా రాలగొట్టాడు. ఇబ్రహీంపట్నం నుంచి పట్నం దవాఖానకు బండి కడితే ఒక్క పగటి దారి. ఆ బండి కట్టించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అది తలుచుకుంటే ఏడుపు కంటే ముందు విసుగొస్తుంది.

ఇంట్లో అందరూ సర్పి అని తేల్చారు. మా వైపు సర్పి లేస్తే కుమ్మరి అవ్వ వచ్చి పొక్కుల చుట్టూ ఎర్రమన్నుతో గీత గీసి, నడుమ సింహం బొమ్మ వేస్తుంది. సర్పి ఆ గీత దాటదంటారు. మూడు పొద్దులు స్నానం చేయకూడదు, పులుపు తినకూడదు. స్నానం వద్దన్నందుకు మామకు సంబరం. మూడు పొద్దులు కాదు, మూడు వారాలు నీళ్లు ముట్టలేదు.

తగ్గలేదు. తప్పెవరిది? కోడలిది.

"నువ్వు పులుసు వోసినవ్, గందుకే తగ్గలే" అంది అత్త.

"నేనెక్కడ పోసిన అత్తా? ఆయనే కుండల చెయ్యి వెట్టి తిన్నడు."

"మామను దొంగంటవా?"

మామ అటు తిరిగి చుట్ట ముట్టించుకున్నాడు.

రెండోసారి గీయించారు. విసనకర్ర విసిరే పని నాదే కాబట్టి ఆ వీపు రోజూ నా కళ్ల ముందే ఉండేది. తెల్లారేసరికి దద్దు గీతకు అవతల వేలిమందం జరిగింది. మర్నాడు ఇంకో వేలిమందం. ఇంటాయనకు చూపించాను.

"మన్ను జారుంటది తియ్" అన్నాడు.

"మన్ను కిందికి జారుతది. గిది మెడకెక్కుతాంది!"

ఆయన ఎడ్లకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు.

కడకు కుమ్మరి అవ్వనే పిలుచుకొచ్చాను. ఆమె తన గీత మీద వేలు పెట్టి కొలిచి, మన్ను చిప్ప కింద పెట్టేసింది.

"ఇది సర్పి గాదు బిడ్డా. ఇట్ల నడిచేదాన్ని ఎన్నడు సూడలే. లోపల ఏదో ఉన్నది. దవాఖానకు తోల్కపోండ్రి."

అవ్వ చెబితే అది మాట. అదే సంగతి నేను అంటే కోడలి వాగుడు!

"తొవ్వల బందూకులోళ్లున్నరు, జర ఆగుదాం" అన్నాడు మామ. అది నిజమే, కాదనలేకపోయాను. తర్వాత మిలిట్రీ వచ్చింది, దారి తెరుచుకుంది. అప్పుడేమో "జొన్న కోసినంక పోదాం" అన్నాడు. ఇక నేను పొయ్యి ముట్టించడం మానేశాను. ఇల్లంతా ఒక్క పూట పస్తుండేసరికి బండి కడతామన్నారు.

బయలుదేరే రెండు రోజుల ముందు అవ్వతో మళ్లీ గీయించాను. మందుకు కాదు, కొలతకు. సింహం వద్దు, గీత చాలన్నాను. తీరా బండి కట్టే పొద్దున అత్త వేడినీళ్లు, పీచు పట్టుకుని తయారు.

"డాక్టర్ ముంగట గీ గీతలతోని పోతడా? నవ్వుతరు."

"నవ్వనియ్ అత్తా. కడిగితే ఇది నడుస్తదని ఎవలు నమ్ముతరు?"

నీళ్లు వాకిట్లో పారబోశాను. ఆమె నాతో పట్నం దాకా మాట్లాడలేదు.

డాక్టర్ నవ్వలేదు. గీత ఎప్పుడు గీశారని నన్నే అడిగాడు. మూడు పొద్దులైందన్నాను. గీతకూ వలయానికీ నడుమ వేళ్లు పెట్టి చూసి, చర్మం సంగతి వదిలేసి మామ రొమ్ముకు గొట్టం ఆనించాడు.

"దగ్గితే నెత్తురు వడుతదా?"

మామ నేల చూశాడు. "అప్పుడప్పుడు."

ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు! గోడకు వీపు రుద్దడం ఊరంతా చూసింది కానీ, ఆ నెత్తురు మాత్రం ఎవరికీ కనబడనివ్వలేదు.

రొమ్ముకు ఫోటో తీశారు. ఊపిరితిత్తిలో పుండు, రాచపుండు, ఇప్పుడు క్యాన్సర్ అంటున్నారే, అది. లోపలి జబ్బును చర్మం ఇట్లా బయటపెట్టడం చాలా అరుదని, తాను ఇంతకుముందు ఒక్కరిలోనే చూశానని చెప్పాడు డాక్టర్. కత్తి పెట్టే దశ దాటిందన్నాడు. ముందే వస్తే బతికేవాడా అని అడిగాను. చెప్పలేనమ్మా, చూసే వీలన్నా ఉండేది అన్నాడు.

మామ అంతా విని, "గదంత సరే సారూ, గీ దురదకేమన్న ఇయ్యి" అన్నాడు.

యాసంగి కోతలు కాకముందే పోయాడు. పోయేదాకా దురదకు డాక్టర్ ఇచ్చిన మలాం డబ్బా ఎక్కడుందనే అడిగాడు. దగ్గు గురించి ఒక్కనాడూ అడగలేదు.