శాంతయ్య స్తోత్రాలు

శాంతయ్య రేణిగుంటలో రైల్వే గ్యాంగ్‌మన్. పట్టాల పనిలో ఎంత నేర్పరో వంటలో అంత చేతకానివాడు. 1974లో భార్య చంద్రకాంతమ్మకు క్షయ అని తేలి, మదనపల్లె దగ్గర ఆసుపత్రిలో చేర్చేదాకా తనకు వంట రాదన్న సంగతి ఆయనకే తెలియదు.

మొదటి ఉత్తరం నిండా కష్టాలే రాశాడు. అన్నం మాడిందని, కప్పు కారుతోందని, ఇల్లు బోసిగా ఉందని. ఆమె కార్డు మీద జవాబు రాసింది:

“ఇవన్నీ దేవునికి తెలుసు. దినామూ పొద్దున పదింటికి నేనీడ ప్రార్థన చేసుకుంటా. నువ్వు యాడున్నా అదే టయానికి చేసుకో. ముందు ఒక మేలుకు స్తోత్రం చెప్పు, తర్వాతే ఏమన్నా అడుగు. ఏం చెప్పినావో నాకు రాయి.”

ఎండ, గంజి, జీతం, ఒంట్లో బలం. వారానికే శాంతయ్య స్తోత్రాలు అయిపోయాయి. ఆపైన వెతుక్కోవలసి వచ్చింది. ఒకరోజు, “కాకి సబ్బు ఎత్తుకపోయింది, చొక్కా వదిలిపెట్టింది, స్తోత్రం” అని రాశాడు. చంద్రకాంతమ్మ అది వార్డులో చదివి వినిపిస్తే, పక్క మంచం గంగులమ్మ నవ్వి నవ్వి, దగ్గు ఆగక నర్సుచేత తిట్లు తిన్నది. మర్నాటి నుంచి పదింటికి తనూ చేతులు జోడించేది.

వానాకాలంలో చంద్రకాంతమ్మ ఊపిరితిత్తికి ఆపరేషన్ అన్నారు. అదీ పొద్దున పదింటికే. వానలకు రైలుకట్ట జారి, గ్యాంగులో ఎవరికీ సెలవు లేదు. ఆ రోజు పదింటికి శాంతయ్య పట్టాల పక్కన మోకరించాడు. తోటి పనివాడు ఏకాంబరం కొండమీది స్వామి భక్తుడు. గడ్డపార కింద పెట్టి పక్కన కూర్చున్నాడు.

“స్తోత్రం రావడంల్యా ఏకాంబరం. భయమే వస్తా ఉండాది.”

“ఆయమ్మను సూసేదానికి డాక్టరుండాడు గదప్పా. దానికి చెప్పు.”

శాంతయ్య అదే చెప్పాడు. చెప్పగానే ఏడుపొచ్చింది. ఏడ్చాక మిగతా ప్రార్థన దానంతటదే వచ్చింది. ఏకాంబరం కళ్ళు మూసుకుని తన స్వామికి తన మాట చెప్పుకున్నాడు.

వారం తర్వాత సెలవు దొరికి వెళ్తే, వార్డులో ఆడవాళ్ళంతా లేచి చూశారు.

“సబ్బు పోగొట్టుకున్న అన్న నువ్వేనా?” అంది గంగులమ్మ.

చంద్రకాంతమ్మ బాగా చిక్కిపోయింది, అయినా నవ్వుతోంది. “లోపలికి తీసకపోయేటప్పుడు గడియారం సూసినా. పది. ఆయప్ప ఈ పొద్దు ఏం చెప్తా ఉండాడో అనుకుంటానే నిద్రపోయినా. ఏం చెప్పినావు?”

“డాక్టరుండాడని చెప్పినా. నువ్వు?”

“నువ్వుండావని.”

మార్చిలో ఆమె ఇల్లు చేరింది. గంగులమ్మ మాత్రం ఇంకా అక్కడే ఉండాల్సి వచ్చింది. పదింటికి చంద్రకాంతమ్మ ఇంట్లో, శాంతయ్య పట్టాల మీద, ఆమె పేరు ఎత్తి ప్రార్థించేవాళ్ళు. రాయడం రాని గంగులమ్మ నర్సును బతిమాలి రాయించిన మొదటి కార్డు ఏప్రిల్‌లో వచ్చింది.

“ఈ పొద్దు ఇడ్లీ మెత్తగా ఉండింది. స్తోత్రం.”