చెల్లని పధ్నాలుగు ఓట్లు

నేను విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్న రోజుల్లో, మా ప్రాంతపు మాటలు పోగుచేసే గ్రూపొకటి ఫోనులో మొదలైంది. స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఒకాయన తన నాయనమ్మ వాడిన మాటలు నాలుగు పెడితే, చూసినవాళ్ళు తమ ఇళ్ళలోవి కలుపుతూ పోయారు. ఏడాది తిరిగేసరికి విజయనగరం, నెల్లిమర్ల, పొందూరు, శ్రీకాకుళం పేర్లతో నాలుగు గ్రూపులయ్యాయి. ఏ గ్రూపు అడ్మిన్ ఆ గ్రూపు వరకే. అందరి మీదా పెద్ద అంటూ ఎవరూ లేరు. వచ్చిన మాటల్ని నెట్‌లో ఒక పట్టికలోకి ఎక్కించేవాళ్ళం. లింకు ఉన్నవాళ్ళెవరైనా అందులో రాయొచ్చు, దిద్దొచ్చు, తీసేయొచ్చు కూడా. అలా వదిలేయడం ప్రమాదమని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

పొందూరులో సన్న నూలు వడికే ఒకావిడ ఉండేది. అరవై దాటాయి. బడికి రెండేళ్ళు వెళ్ళిందట. రాయడం అలవాటు లేదు కాబట్టి మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపేది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి ఏకడం దగ్గర్నించి నూలు కండె చుట్టేదాకా ఆమె పనిలో ప్రతిదానికీ ఒక మాట ఉండేది. మా పట్టికలో ఆమె ఇచ్చినన్ని మాటలు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆవిడ మా విజయనగరం గ్రూపులోనూ ఉండేది, ఒకరోజు అందులో వడకడానికి చుట్టిపెట్టే పత్తి ఏకుల గురించి చెప్పింది. "ఏకులు సేసీసినాక ఎండిన అరిటి దొప్పలో సుడతాం. అలగయితే గాలి తగలదు."

దాని కింద ఒక రిటైరైన తెలుగు మాస్టారు రాశారు. ఆయన శ్రీకాకుళం గ్రూపుకు అడ్మిన్, మా గ్రూపులోనూ ఉండేవారు. "సుడతాం కాదమ్మా, చుడతాం అనాలి. ఈ ఉచ్చారణను కూడా భద్రపరుస్తామా?"

ఆవిడ జవాబివ్వలేదు. మా గ్రూపు అడ్మిన్ అయిన స్టీలు కొట్టాయన ఇచ్చాడు. ఒక్క మాట కూడా రాయకుండా మాస్టారిని గ్రూపులోంచి తీసేశాడు. ఆ సాయంత్రానికి మాస్టారు శ్రీకాకుళం గ్రూపులోంచి మా వాళ్ళందర్నీ తీసేశారు. మర్నాడు లైబ్రరీలో పట్టిక తెరిచి చూస్తే శ్రీకాకుళం వాళ్ళు ఎక్కించిన వరసలన్నీ ఖాళీ. రెండేళ్ళ పని.

నాలుగు గ్రూపుల నుంచీ ఇద్దరేసి వచ్చి మాట్లాడుకుందామని నెల్లిమర్ల వాళ్ళు అన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం స్టీలు కొట్టు మేడ మీద, అట్టపెట్టెల మధ్య చాపలు పరుచుకుని కూర్చున్నాం. మాస్టారు రాలేదు, తన బదులు ఇద్దర్ని పంపారు. పొందూరు నుంచి ఒక మగ్గం నేసే ఆయనా, ఒక టీచరూ వచ్చారు. నూలు వడికే ఆవిడ రాలేదు. పిలవాలని మాకు తట్టనూ లేదు.

రూలు రాసే పని నా మీద పడింది. మా నాన్న బాప్టిస్టు చర్చి కమిటీకి చాలాకాలం సెక్రటరీ. ఆయన మినిట్సు నేనే చక్కగా తిరగరాసేదాన్ని. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎందరు చేతులెత్తారు, అన్నీ రాతలో ఉండాలి. రాతలో లేనిది జరగనట్టే అని ఆయన నమ్మకం, నాదీ అదే. ఆ రోజు ఏడు రూల్సు రాశాను. ఒకరి పలుకుబడిని ఇంకొకరు దిద్దకూడదు. ఏ అడ్మినూ ఒక్కడే నిర్ణయించి మనిషిని తీసేయకూడదు. తీసే ముందు ఆ మనిషి చెప్పేది వినాలి. పట్టికలో ఏదైనా తీసేస్తే కారణం రాయాలి. పెద్ద విషయమైతే నాలుగు గ్రూపుల్లోనూ ఒకే ప్రశ్న పెట్టి మూడు రోజులు ఓటు తీసుకోవాలి. రెండు గ్రూపుల్లో ఉన్నా మనిషికి ఒకే ఓటు. ఏడోది నేను పట్టుబట్టి పెట్టించాను: ఓటును అవును లేదా కాదు అని రాసి పంపాలి, వేరే రకంగా పంపితే చెల్లదు.

"లెక్కెట్టడానికి సులువు," అని స్టీలు కొట్టాయన ఒప్పుకున్నాడు. మిగతా ఎవరూ కాదనలేదు.

మొదటి ఓటు మాస్టారి మీదే. ఆయన్ని తిరిగి చేర్చుకోవాలా అన్నది ప్రశ్న. మూడు రోజులయ్యాక నాలుగు చోట్ల నుంచీ వచ్చినవి నోటుబుక్కులో రాసుకున్నాను. అవును నలభై ఒకటి, కాదు నలభై ఆరు. కొందరు రాయకుండా మైకులో మాట్లాడి పంపారు. వాటిని తెరవకుండానే 'చెల్లనివి పధ్నాలుగు' అని రాసి కింద గీత గీశాను. మాస్టారు తిరిగి రావడం లేదని నాలుగు గ్రూపుల్లోనూ ప్రకటించాను. పద్ధతి ప్రకారం పని పూర్తయిందని తృప్తిగా కూడా ఉంది.

మర్నాడు ఉదయం లైబ్రరీ తాళం తీస్తుండగా పొందూరు ఆవిడ ఫోన్ చేసింది.

"అమ్మా, నాను ఓటేసినాను గదా. లెక్కలోకి రానేదని మా కోడలు సెప్తన్నాది. ఏటి సంగతి?"

"మీరు మాట్లాడి పంపారమ్మా. రాసి పంపాలని రూలుంది. అందుకని చెల్లలేదు."

ఆవిడ కోపమేమీ లేకుండా అడిగింది. "మాటలకైతే నా గొంతు కావాల. ఓటుకి అక్కర్నేదేటి?"

మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను. తాళం కప్ప చేతిలోనే ఉంది. లోపలికి వెళ్ళి ఆ పధ్నాలుగూ ఒక్కొక్కటే విన్నాను. అందులో పదకొండు అవును, మూడు కాదు. కలిపి కూడితే యాభై రెండు, నలభై తొమ్మిది. మాస్టారు గెలిచినట్టు. ఆవిడది కూడా అవునే.

ఆ ఆదివారం చర్చి అయ్యాక పాసింజరెక్కి పొందూరు వెళ్ళాను. ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని పత్తి ఏకుతోంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది, పని మాత్రం ఆపలేదు. క్షమించమని అడిగాను.

"నువ్వు సేసినదేటుంది తల్లీ. రూలు అలగుంటే నువ్వేటి సేస్తావు," అంది.

"ఆ రూలు రాసింది నేనేనమ్మా."

"అలగా," అని నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఫోనులో అడిగిన ప్రశ్న కంటే కష్టంగా తోచింది.

మాస్టారు మిమ్మల్ని అంత మాటన్నారు కదా, ఆయన రావాలని ఎందుకు ఓటేశారని అడిగాను.

"ఆ మాస్టారన్నది నాకు నచ్చనేదు. రెండు రోజులు ఫోను ముట్టుకోనేదు నాను. అలాగని మనిషిని అడక్కుండా తీసీడమేటి? ఆయనుంటే నాలుగు మాటలు నానూ అనీదాన్ని. మరి అనీడానికి ఆ మనిషే నేకపోయె గదా."

సాయంత్రం తిరిగొచ్చి నాలుగు గ్రూపుల్లోనూ ఒకే సందేశం పెట్టాను. ఏడో రూలు తప్పు, ఆ తప్పు నాది, రాయలేనివాళ్ళ ఓట్లు దాని వల్ల పోయాయి అని. స్టీలు కొట్టాయన మర్నాడు లైబ్రరీకే వచ్చాడు.

"మేడం, మీరు మంచివారు. కానీ ఒకటి చెప్తాను సూడండి. ఓటయిపోయాక రూలు మార్చితే, రేపు ఓడిపోయినోడల్లా మార్చమంటాడు. అప్పుడేటి చేస్తారు?"

ఆయన చెప్పిందీ నిజమే. మాస్టారి మీద కోపంతోనే అంటున్నాడని తెలిసినా, కాదనడానికి లేదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి కుదిరింది ఇది: జరిగిన ఓటు జరిగినట్టే రాతలో ఉంటుంది, ఎవరూ దాన్ని చెరపరు. ముందు ఏడో రూలు మార్చాలా వద్దా అని ఓటు పెడతాం. అందులో రాసినవీ మాట్లాడినవీ విడివిడిగా లెక్కబెట్టి, రెండు లెక్కల్లోనూ ఎక్కువ మంది అవునంటేనే మారుస్తాం. మారితే మాస్టారి సంగతి మళ్ళీ అడుగుతాం.

"ఇంకోటండి," అన్నాడాయన. "మాట్లాడి పంపినవి మీరొక్కరే ఇంటే కుదరదు. రెండు గ్రూపుల నుంచి ఇద్దరు కలిసి ఇనాల."

అది నాకు తోచని విషయం. వెంటనే రాసుకున్నాను.

రూలు మారింది. రెండోసారి ఓటులో మాస్టారికి తేడా బాగానే వచ్చింది. ఎవరు తిరిగి చేర్చాలన్న మాట వస్తే, స్టీలు కొట్టాయన ఫోను తీసి, "నాను తీసినాను, నానే కలుపుతాను," అని అప్పటికప్పుడే చేర్చాడు. మాస్టారు 'కృతజ్ఞతలు' అని రాసి ఊరుకున్నారు. క్షమాపణ చెప్పలేదు.

"అంతేనా అన్నాడు?" అని పొందూరు ఆవిడ ఫోన్ చేసి అడిగింది.

"అంతేనమ్మా."

"పోనీలే. వచ్చినాడు గదా."

తర్వాత వారంలో శ్రీకాకుళం వరసలు మాస్టారి దగ్గరున్న కాపీలోంచి ఒక్కొక్కటిగా పట్టికలోకి తిరిగొచ్చాయి. మాస్టారు వాటి పక్కన 'పలికే తీరు' అని కొత్త గడి ఒకటి కలిపారు. ఎవరు ఎలా అన్నారో అందులో అలాగే రాస్తూ పోయారు. 'సుడతాం' కూడా ఉంది. దాని గురించి ఆయన ఎక్కడా మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

మా తర్వాతి ఓటు చాలా చిన్న విషయం మీద. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, సుప్రభాతాలు గ్రూపులో పెట్టొచ్చా కూడదా అని. ఈసారి రాసినవాళ్ళ కంటే మాట్లాడినవాళ్ళే ఎక్కువ. అంతవరకూ పక్కవాళ్ళ చేత రాయించుకుంటున్నవాళ్ళు కూడా ఇక మైకే నొక్కడం మొదలుపెట్టారు. వినడానికి నేనూ, నెల్లిమర్ల నుంచి జూటు మిల్లులో రిటైరైన ఒకాయనా స్టీలు కొట్టు మేడ మీద కూర్చున్నాం. గంటలో అయిపోతుందనుకున్నాం. కానీ అవునో కాదో చెప్పి ఆపినవాళ్ళు తక్కువ. ఒకాయన తనకు బొమ్మలు పంపేది చెల్లెలొక్కతేననీ, అవీ ఆగిపోతే ఆమె బాగుందని తనకెలా తెలుస్తుందనీ చెప్పాడు. ఒకావిడ మోకాలి నొప్పి సంగతంతా చెప్పి, ఓటు చెప్పడం మరిచిపోయింది. ఆమెకు మళ్ళీ ఫోన్ చేశాం. మిల్లాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇలగయితే ఎప్పటికి తెముల్తాదండి," అన్నాడు. రెండు సాయంత్రాలు పట్టింది. కొట్టాయన కింద బేరాలు చూసుకుంటూనే మధ్యలో రెండుసార్లు టీ పంపించాడు.