హెడ్‌సెట్‌లో మగ్గం చప్పుడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మా కంపెనీలో హెచ్‌ఆర్ విభాగం ఒకటి ఉందని కూడా అనేవారు. ఎవరికీ ఒక్కసారైనా కనబడలేదు కాబట్టి దాన్నీ నమ్మలేదు. ఇది చదివి నాకు తాయెత్తు కట్టించమని ఎవరూ సలహా ఇవ్వొద్దు. మా అమ్మ ఆ పని ఎప్పుడో చేసేసింది.

హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. కాంట్రాక్టు. కొన్ని నెలలకోసారి పొడిగించేవారు. మొదట్లో ఏసీ, క్యాబ్ అన్నీ ఉండేవి. ముందు క్యాబ్ పోయింది. తర్వాత కుర్చీలు తగ్గాయి, ముందొచ్చిన వాళ్లు కూర్చోండి అన్నారు. చివరికి ఆ అంతస్తే ఖాళీ చేసి, ఇకనుంచి ఇంటి నుంచే పని అన్నారు. కంపెనీ కరెంటు బిల్లు కట్టే గౌరవం అలా నాకు దక్కింది.

గద్వాలకు తిరిగొచ్చాను. మా ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడగలిగే గది ఒక్కటే, మా నాన్న మగ్గం గది. నాన్న పోయాక అమ్మ ఆ మగ్గాన్ని విప్పించేసింది. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంటను మట్టితో పూడ్పించి, పైన బండలు పరిపించింది. సరిగ్గా ఆ బండల మీదే నా టేబుల్ వేసుకున్నాను. వేరే ఉద్దేశమేమీ లేదు, నెట్ సిగ్నల్ అక్కడే బాగుంది.

కొన్ని వారాలకు మా టీమ్ లీడ్ మాధవి గారు ఫోన్ చేశారు.

"ఏంటి నరేష్, మీ వెనకాల వడ్రంగి పని ఏమైనా జరుగుతోందా? కస్టమర్లు కంప్లైంట్ చేస్తున్నారు."

ఏ పనీ జరగడం లేదన్నాను. ఆమె ఒక కాల్ రికార్డింగు పంపారు. నా గొంతు పాలసీ గురించి చెబుతోంది. దాని వెనక టక్, టక్ అని ఆగకుండా చప్పుడు. గద్వాలలో పుట్టినవాడికి అది ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మగ్గం చప్పుడు.

పక్కింటిదే అనుకున్నాను. వెళ్లి చూశాను. ఒకపక్క మందుల షాపు గోదాము, ఇంకోపక్క తాళం వేసిన ఇల్లు. మగ్గం ఉన్న ఇల్లు వీధి చివర ఉంది, అక్కడి చప్పుడు మా గదిదాకా రాదు. పని చేస్తున్నప్పుడు నా చెవులకు ఏమీ వినబడేది కాదు. రికార్డింగులోనే ఉండేది.

చప్పుడు ఆగకపోతే కాంట్రాక్టు పొడిగించడం కష్టమని మాధవి గారు మర్యాదగానే చెప్పారు. బయట చూస్తే ఉద్యోగాల్లేవు. నాగర్‌కర్నూల్‌లో నాతో చదివినవాడు ఒకడు, ఎక్కడైనా ఖాళీలుంటే చెప్పమని నన్నే అడిగాడు. మార్కెట్ ఎలా ఉందో అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

దాంతో ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వనపర్తి బస్సెక్కాను. అక్కడ నా స్నేహితుడు రమేష్ ఒక మొబైల్ షాపు పైన గది అద్దెకు తీసుకున్నాడు. చుట్టుపక్కల ఒక్క మగ్గం లేదు. రమేష్‌కూ ఉద్యోగం లేదు కాబట్టి నా వెనక చాప మీద పడుకున్నాడు. నేను పొద్దంతా కాల్స్ తీసుకున్నాను. సాయంత్రం మాధవి గారు మళ్లీ రికార్డింగు పంపారు. అదే చప్పుడు.

రమేష్ లేచి కూర్చుని రెండుసార్లు విన్నాడు. "అరే, నేను గురక పెడ్త గని, గిట్ల పెట్టనుర బై" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఇద్దరం కిందికి పోయి బజార్లోనే చాలాసేపు నిలబడ్డాం. ఉక్కపోత అనుకోండి.

ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"నాయినదేనా?" అన్నాను. తమాషాకే అన్నాను గానీ, ఫోన్ సౌండు ఇంకాస్త పెంచాను.

"మీ నాయినది గాదు. ఆయనది ఒక్కటే దెబ్బ పడ్తది. గిది సూడు, పెద్ద దెబ్బ ఎనకనే ఇంకో సిన్న దెబ్బ పడ్తుంది. గిది నీ చెయ్యి బిడ్డా."

చిన్నప్పుడు బడికి సెలవులిస్తే నాన్న నన్ను మగ్గంలో కూర్చోబెట్టేవాడు. పోగు వదులైందేమోనని భయపడి, దాన్ని బిగించే పలకతో ఒకసారి కొట్టాక నేను మెల్లగా ఇంకోసారి తట్టేవాణ్ణి. "ఏందిరా, తలుపు గొడ్తున్నవా?" అని నాన్న ఎగతాళి చేసేవాడు. పదో తరగతి తర్వాత నేను మగ్గం ముట్టలేదు. ఆ రికార్డింగుల సమయంలో నా రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి.

కాంట్రాక్టు పొడిగించలేదు. మెయిల్లో 'ప్రాజెక్టు అవసరాల దృష్ట్యా' అని రాశారు. చప్పుడు మాట ఎత్తలేదు, అది మాత్రం వాళ్ల మంచితనం.

చాలా చోట్లకు రెజ్యూమె పంపాను. ఎవరూ పలకలేదు. చివరికి పక్క వీధిలో పెదనాన్న ఇంట్లో ఖాళీగా ఉన్న మగ్గంలో కూలికి నేయడం మొదలుపెట్టాను. మొదటి రోజే ఆ చిన్న దెబ్బ దానంతటదే పడింది. ఫోన్లో రికార్డు చేసి పాతదాని పక్కన పెట్టి విన్నాను. తేడా తెలియలేదు. చప్పుడు ముందొచ్చింది, నేను తర్వాత వచ్చాను. అంత ముందుచూపు ఉన్నదేదో నాకు ఒక మాట చెప్పి ఉంటే, రెజ్యూమెలు పంపే శ్రమైనా తప్పేది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మొన్న మధ్యాహ్నం అమ్మ అన్నం గిన్నె తెచ్చి లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా?"

"ఎవలతోని లేదమ్మా. ఫోన్ ఇంట్ల చార్జింగ్ పెట్టిన."

"మరి, సారీ మేడం, లైన్‌లో ఉండండి అంటున్నవ్ గద? ఎంతసేపాయె, ఇనుకుంటనే ఉన్న."

ఆ గదిలో నేనూ మగ్గమూ తప్ప ఎవరూ లేరు. నేస్తున్నంతసేపూ నేను నోరు తెరవలేదు. ఇదెలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. దీనికి నా దగ్గర జోకు కూడా లేదు.