పులుపుకు చెక్కుచెదరని రాయి

వెంకటరావమ్మ మొదటి గెలుపు, బూజు పట్టని పండుమిరప పచ్చడి. మూడేళ్లు జాడీలకు జాడీలు పెంటకుప్పలో కుమ్మరించాక, నాలుగో ఏడు వానలు పడ్డా ఆ పచ్చడి ఎర్రగా నిగనిగలాడింది. పర్చూరు చుట్టుపక్కల ఇంకెవరూ అమ్మకానికి దిగకముందే ఆవిడ సరుకు చీరాల దుకాణాలకు ఎక్కింది. తర్వాత పెద్ద గ్రైండర్లు కొంది, తాడేపల్లి ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చింది. చదివింది మా ఊరి బళ్లో ఐదో తరగతే గానీ, ఎందుకని అడగందే దేన్నీ వదిలే మనిషి కాదు.

ఈ ఏడు ఆవిడ ధ్యాస రాళ్ల మీద పడింది. పాత పాకలో చింతపండు రుబ్బేచోట నాపరాళ్లు గరుకుదేలి, వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతోంది. అది పచ్చడిలో పడితే ఇన్నేళ్ల పేరు మట్టిగొట్టుకుపోతుంది. మార్చిలో పచ్చళ్ల పని మొదలయ్యేలోగా కొత్త షెడ్డుకు పులుపు తగిలినా చెక్కుచెదరని నేల కావాలి.

రాళ్ల డిపో మాలిక్ పల్నాడు నుంచి తెచ్చిన నున్నటి నాపరాయి పలక మీద నిమ్మకాయ పిండింది. ఏమీ కాలేదు. సరేననబోయి ఆగి, కత్తిమొనతో గీరి, రాలిన పొడి మీద మళ్లీ పిండింది. సన్నటి నురుగు పొంగింది.

"ఏరా మాలిక్, ఇదీ సున్నమేగా?"

"నాపరాయంటేనే సున్నపురాయి పిన్నీ. పులుపు తగిలితే పొంగుద్ది."

చీమకుర్తి గ్రానైటు వేయిద్దామన్నాడు. నూనె పడితే జారిపడతామని పనిచేసే ఆడవాళ్లు ఒప్పుకోలేదు.

పలక అంచున దొంతరలా కనిపించే గీతలేమిటని ఆవిడ అడిగింది. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద, పొర మీద పొర పడి బిగిసి రాయైందని మాలిక్ చెప్పాడు.

"పల్నాట్లో సముద్రమేందిరా?" అని నవ్వింది గానీ, కళ్లజోడు పెట్టుకుని ఆ గీతల్ని చాలాసేపు వేలితో తడిమింది. బురద మారితే రాయీ మారాలి కదా అని ఆవిడకు తట్టింది. మారుతుందనీ, దాచేపల్లి దగ్గర తన అత్తగారి ఊళ్లో కొడవళ్లు నూరుకునే ఇసుకరాయి ఉందనీ, అది జారదనీ అతను చెప్పాడు.

"ఆ ఇసుకను అతికించి పట్టుకున్నది సున్నమైతే? మళ్లీ ఇదే గొడవ గదరా."

ఆవిడ తాపీమేస్త్రీ కోటేష్‌ను నేల వేయకుండా ఆగమని, ఆ ఊరి ఆడపడుచే అయిన మాలిక్ భార్య ఫిజాను తోడు తీసుకుని సోమవారం పల్నాడు బస్సెక్కింది. ప్రతి పొరనూ తానే గీరి చూస్తుందట. రాయి కుదిరినా కుదరకపోయినా, ఫిబ్రవరి ఇరవయ్యారు, గురువారానికి తిరిగొస్తానని చెప్పి వెళ్లింది.