వినపడదు, అయినా చెప్పు

పోయిన వారం లింబాయత్ నుంచి కేబుల్ టీవీ నడిపే ఆయన ఫోన్ చేశాడు. గది ఖాళీ చేస్తున్నాడట. మీ పాఠాల పాత రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచాను, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. తెచ్చి ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే, మొదటి పాఠంలో మనిషిని నేనేనని తెలుస్తోంది గానీ ఆ వేగం మాత్రం నాదంటే నమ్మబుద్ధి కాలేదు. కదిలే రైలు కిటికీలోంచి జాగ్రత్తలు చెప్పే మనిషిలా ఉన్నాను. మావారు రెండు నిమిషాలు చూసి, "అంత తొందరగా ముగించి ఎక్కడికి పోదామనుకున్నావ్?" అన్నారు. ఎక్కడికీ పోవడానికి లేని రోజులవి. బహుశా అందుకే అంత తొందర.

అప్పట్లో నేను తెలుగు మీడియం బడిలో మూడో తరగతి టీచర్ని. మావారిది రైల్వే ఉద్యోగం, కాపురం గుజరాత్‌లో, ఉధ్నా క్వార్టర్స్‌లో. లాక్‌డౌన్‌కి నాలుగు రోజుల ముందు మా వదినగారు, అంటే మావారి అక్కగారు, పది రోజులుందామని విశాఖపట్నం నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఒక కాలేజీలో పిల్లల కష్టసుఖాలు వినే కౌన్సెలర్ ఉద్యోగం. ఆ పది రోజులు కాస్తా ఏడాదిన్నర అయ్యాయి. ఆవిడతో నాకు పేచీ ఏమీ లేదు గానీ, ఏదడిగినా జవాబు వెంటనే రాదు. "టీ పెట్టనా వదినా?" అంటే మన మొహం కాసేపు చూసి, నిజంగా తనకు టీ కావాలో వద్దో లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చినట్టుగా, "సగం కప్పు" అనేవారు. ఈలోపు నేను పెట్టేసి, వడకట్టేసి, చల్లారిపోతోందని విసుక్కుంటూ ఉండేదాన్ని. పగలూ రాత్రీ ఆడే మరమగ్గాలు ఆగిపోయి ఉధ్నా అంతా చెవులు దిబ్బడ వేసినట్టుండేది. గూడ్సు బళ్ళు మాత్రం ఆగలేదు కనుక మావారు డ్యూటీకి వెళ్ళేవారు. ఆయన వచ్చేదాకా నేను సర్దిన అలమరానే మళ్ళీ సర్దేదాన్ని, కడిగిన గుమ్మమే మళ్ళీ కడిగేదాన్ని.

జూన్ దాటాక, మా బడి టీచర్లమంతా ఫోన్లు లేని పిల్లలకు లోకల్ కేబుల్‌లో పాఠాలు చెప్పాలనుకున్నాం. ఆ పని నా మీద పడింది. లింబాయత్‌లో చీరల పార్సిళ్ళ మధ్య ఒక గది, వెనకాల దుప్పటి తెర, ముందు కెమెరా. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేసేవారు. కేబుల్ ఆయన తాత మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. నాకు తోడుగా వదినగారు వచ్చి, చార్టులు పట్టుకుని మూల స్టూలు మీద కూర్చునేవారు. నేను చెమటలు కక్కుతూ ఇరవై నిమిషాల్లో నలభై నిమిషాల పాఠం చెప్పేదాన్ని. "ఆవుకి ఎన్ని కాళ్ళు? నాలుగు! శభాష్!" అంటూ అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే, మెచ్చుకునేదీ నేనే.

పదిహేను రోజులకు నవాగామ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కూతురు నా తరగతి పిల్లే, ఎనిమిదేళ్ళది. తండ్రి మగ్గం పని. ఊళ్ళో తన తల్లికి బాగాలేదని అతను మే నెలలో కూలీల రైల్లో జగిత్యాల దగ్గరి ఊరికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు.

"టీచరమ్మా, వాళ్ళ బాపు పోయినకాంచి పొల్ల నోరు ఇప్పుతలేదు. నవ్వదు, ఏడ్వదు. మీ క్లాసు అచ్చినప్పుడు మాత్రం టీవీ ముంగట కూసుంటది."

నాకు గర్వంతో ఒళ్ళు పొంగింది. ఆవిడ ఇంకా ముగించలేదు.

"మీరు ఓ మాట అడుగుతరు. అది చెప్దామని నోరు తెరుస్తది. గంతల మీరే చెప్పేస్తరు. మల్ల మూస్కుంటది. జర ఆగితే ఏందమ్మా?"

ఫోన్ పెట్టేసి వదినగారి మీద విరుచుకుపడ్డాను. రోజూ మూల కూర్చుని చూస్తూనే ఉన్నారు కదా, ఆ మాటేదో ముందే చెప్పొచ్చు కదా అని. ఆవిడ చిక్కుళ్ళ చేట ముందుకు లాక్కుని, "నువ్వు అడగలేదుగా" అన్నారు. తర్వాత ఈనెలు తీస్తూ తన కౌన్సెలింగ్ చదువు సంగతి చెప్పారు. వాళ్ళ పద్ధతిలో ఎదుటి మనిషిని బాగుచేయాలని చూడరట. మంచి జవాబు చెబితే ఒకలా, చెడ్డ జవాబు చెబితే ఒకలా చూడరట. ఆ మనిషి చోట నిలబడి వింటారట, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చెప్పరట. శిక్షణలో పిల్లల టీవీ కార్యక్రమాల ముక్కలు కూడా చూపించేవారట. "మంచివాటిలో ఇదే ఉంటుందమ్మా. నేను గదిలో ఒక్క మనిషి ఎదురుగా కూర్చుంటాను. నీదీ అదే పని, ఆ మనిషి కనపడదంతే. వందమంది చూస్తున్నారనుకోకు. ఒక్క పిల్ల చూస్తోందనుకో." వింటున్నప్పుడు ఇంతేనా అనిపించింది. చేయబోతే ప్రాణం మీదికొచ్చింది.

మర్నాడు ప్రశ్న అడిగి ఆగాను. మూడు లెక్కపెట్టేసరికి అరికాళ్ళు చురచురలాడాయి. కేబుల్ ఆయన కెమెరా వెనక నుంచి చేతులూపాడు. "టీచర్, ఆవాజ్ బంద్ అయితే కేబుల్ పోయిందనుకుంటరు. పబ్లిక్ నాకు ఫోన్ల మీద ఫోన్లు కొడ్తది." రెండోసారి ఏడు దాకా లెక్కపెట్టి, "విన్నాను, చాలా బాగా చెప్పావు!" అన్నాను. ఈసారి వదినగారు స్టూలు మీంచి లేచారు.

"వినపడనిదాన్ని విన్నానంటావేంటమ్మా? పిల్లలకు తెలిసిపోతుంది."

"మరి ఏమనాలి?"

"నిజం చెప్పు."

కెమెరా వైపు తిరిగాను. ఒక్క పిల్ల, నవాగామ్‌లో ఒంటిగది, నేల మీద చాప అనుకున్నాను. "ఈ పూట మీ ఇంట్లో ఏమేం వినిపిస్తున్నాయి? నువ్వు చెప్పేది నాకు ఇక్కడికి వినపడదు. అయినా చెప్పు, నేను ఆగుతాను" అన్నాను. ఆగాను. నా వాచీ చప్పుడు నాకే వినపడింది. శభాష్ అనలేదు. "సరే, ఇంకోటి అడుగుతాను" అన్నానంతే. ఆ రోజు పాఠంలో సగం కూడా కాలేదు, ఇంటికొచ్చేదాకా నాలో నేను గొణుక్కుంటూనే ఉన్నాను.

ఆ పాఠం టీవీలో వచ్చిన రోజు సాయంత్రం తల్లి ఫోన్ చేసింది.

"మాట్లాడింది టీచరమ్మా. 'ఏం వినవస్తలేదు, బాపు గురక గూడ వినవస్తలేదు' అన్నది. అని, గప్పుడు ఏడ్సింది. ఇంక ఏడుస్తనే ఉన్నది. ఏం జెయ్యాలె?"

నా దగ్గర సలహాలు పది ఉన్నాయి. వదినగారి వైపు చూసి, "దగ్గర కూర్చోమ్మా, ఏడవనీ" అన్నాను. తండ్రి దసరాకు ముందు తిరిగొచ్చాడు. అప్పటికే పిల్ల రోజుకో నాలుగు మాటలు టీవీతో మాట్లాడుతోందట.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచి టీచర్నైపోతాను. కానీ మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో, రెండోసారి జబ్బు ఊరంతా కమ్మినప్పుడు, మావారికి జ్వరం తగిలింది. ఆయన్ని ముందుగదిలో ఉంచి, ఆడవాళ్ళమిద్దరం వంటింట్లో ఉండిపోయాం. భయం వేస్తే నా నోరు ఆగదు. ఒక మధ్యాహ్నం అన్నం వండుతూ అదీ ఇదీ వాగుతూ, ఆవిడ ఏడాదిగా ఆ ఒక్క సూట్‌కేసుతోనే ఉన్నారని, కాలేజీ నుంచి ఒక్క ఫోనూ రాలేదని, ఆ క్షణాన తట్టింది. "మీరు నిజంగా ఎందుకొచ్చారు వదినా?" అన్నాను. అని, ఆగాను.

చాలాసేపటికి చెప్పారు. వచ్చేముందే రాజీనామా చేశారట. ఒక విద్యార్థిని ఆరు వారాలు ఆవిడ గదికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళేదట. ఏడో వారం ఈవిడకు ఓపిక నశించింది. "'ఇలా అయితే ఎలాగమ్మా, ఏదో ఒకటి చెప్పాలి కదా' అన్నాను. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. కాలేజీయే మానేసింది. ఎక్కడుందో ఎవరికీ తెలీదు." మీ తప్పేముంది వదినా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కష్టపడి మింగాను. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "నీకు చెప్దామనే వచ్చాను. నీకెప్పుడూ పనే" అన్నారు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టుగా.

మావారు కోలుకున్నారు. వర్షాలు తగ్గాక వదినగారు వెళ్ళిపోయారు. ఇప్పుడు విజయనగరంలో చిన్న గది అద్దెకు తీసుకుని మళ్ళీ ఆ పనే చేస్తున్నారు. ఆ పిల్ల గురించి మాత్రం ఇప్పటికీ ఏమీ తెలియలేదు. బళ్ళు తెరిచాక నాకు నాలుగో తరగతి ఇచ్చారు, నవాగామ్ పిల్ల నా ఎదుటే కూర్చుంది. తెలుగూ హిందీ గుజరాతీ కలిపి ఎంత వాగేదంటే, నోరు ముయ్యమని గద్దించి, ఆ తర్వాత నాలిక కరుచుకునేదాన్ని. ఇప్పుడు గంట కొట్టేలోపు పాఠం, నెల తిరిగేలోపు పరీక్ష, అన్నీ మళ్ళీ పరుగే. ఆ ఏడాదిన్నరా కాలం దోసిళ్ళకొద్దీ ఉండేది. ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎలా వదిలించుకోవాలా అనే చూశాను.