ఎర్రటోపీ వెర్లీన్

మా షెడ్డులో పొడవాటి బల్లల మీద ఆకుపచ్చ నైలాను నదిలా పరుచుకుని ఉంటుంది. దాన్ని మడత మీద మడత పెట్టి, మధ్యన చిక్కుకున్న గాలిని అరచేత్తో తరిమేసి, ఒక వీపు మోయగలిగే సంచిలోకి దించడం మా పని. మేమూ సైనికులమే. కాని మా చేతుల్లో తుపాకీ కంటే పారాచూట్లే ఎక్కువసేపు ఉంటాయి. మిగతా సైన్యానికి లేని ఎర్రటోపీ మాకుంటుంది. పదాతిదళం కుర్రాళ్ళు మమ్మల్ని లాండ్రీ వాళ్ళని ఎగతాళి చేస్తారు. విమానం తలుపు తెరుచుకుని, కింద నార్త్ కరొలినా పైన్ అడవి పచ్చికలా కనిపించినప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు.

ఆ టోపీకి ఒక నియమం ఉంది. నువ్వు మడిచిన పారాచూట్లలో ఎవరు ఏది చూపించినా, ఎప్పుడు చూపించినా, అది తగిలించుకుని దూకడానికి నువ్వు సిద్ధంగా ఉండాలి.

ఆ నియమాన్ని వెర్లీన్ స్ట్రౌడ్ లాగా ఒంటబట్టించుకున్నవాళ్ళను నేను చూడలేదు. ఆమె మా షెడ్డుకు పెద్ద సార్జెంటు. జీన్సు ప్యాంట్ల ఫ్యాక్టరీలో జేబులు కుట్టిన తల్లికి కూతురు. "మా అమ్మ కుట్టిన జేబుల్లో జనం చిల్లర వేసుకున్నారు. నా సంచుల్లో ప్రాణాలు పెట్టుకుంటున్నారు. మా ఇంట్లో చేతిపని బాగానే ఎదిగింది" అని ఉప్పునీళ్ళలో ఉడికించిన వేరుశెనగలు ఒలుస్తూ నవ్వేది.

సైన్యంలో రెండు నిచ్చెనలు. ప్రైవేటు అనే అట్టడుగు హోదాలో చేరి, ఒక్కో చార సంపాదించుకుంటూ సార్జెంట్లయ్యేవాళ్ళది ఒకటి. చేరిన రోజే సెల్యూట్ అందుకునే లెఫ్టినెంట్లు, వాళ్ళ పైన కెప్టెన్లు, కర్నళ్ళు ఎక్కేది మరొకటి. నడుమ సన్నటి వంతెన ఒకటుంది. పనిలో ఆరితేరి వారెంట్ ఆఫీసర్లయినవాళ్ళు దాని మీద నడుస్తారు. వాళ్ళని అందరూ చీఫ్ అంటారు. చీఫ్ మాట్లాడితే కర్నల్ కూడా కాఫీ కప్పు కింద పెట్టి వింటాడు. వెర్లీన్ తన బతుకులో కోరుకున్న పదవి అదొక్కటే. ఆ శుక్రవారం మధ్యాహ్నం మా చీఫ్ బోలండ్ ఫోన్ చేసి, ఆమె పేరు పైకి పంపానని చెప్పాడు. ఆమె బల్ల దగ్గర, సగం మడతలో ఉంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ పనిలో దిగింది. పెదవులు మాత్రం చాలాసేపు తమలో తామే నవ్వుకున్నాయి.

సాయంత్రం పనిముట్లు సర్దుతుంటే గోడమీది పలక మాకేసి చూసింది. ఆ పలక మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. ఒక ఆకారం ఖాళీగా ఉంది. మడతలను లోపలికి నెట్టే చదునైన ఉక్కు పట్టీ అది.

వెర్లీన్ వెళ్ళి తలుపు మూసేసింది. "ఎవరూ కదలొద్దు. ఇవాళ మడిచినవేవీ బయటికి పోవు."

జేబులు చూశాం. బల్లల కింద పాకాం. చెత్తబుట్టలు తిరగేశాం. దొరకలేదు. అంటే అది ఏదో ఒక సంచిలో ఉంది. అక్కడ ఉంటే గాలిలో నైలానును చీలుస్తుందో, తాళ్ళను పట్టుకుంటుందో ఎవరికి తెలుసు?

అప్పుడే కెప్టెన్ హోల్కమ్ లారీలతో వచ్చాడు. మర్నాడు దూకాల్సింది ఆయన దళమే.

"సార్జెంట్, మావాళ్ళు తెల్లారేసరికి విమానంలో ఉండాలి. ఒక్క ఇనప ముక్క కోసం అన్నీ ఆపేస్తారా?"

"ఆపేశాను, సర్."

"నేను కెప్టెన్నని గుర్తుందా?"

"ఉంది, సర్. పరిగెత్తమంటే పరిగెడతాను, సర్. చెట్టెక్కమంటే ఎక్కుతాను, సర్. ఇవి ఇమ్మంటే మాత్రం ఇవ్వను, సర్."

పక్క బల్ల దగ్గరి ఓర్టెగా నా చెవిలో గొణిగాడు. "చూశావా మర్లో, ప్రతి 'కాదు' మీదా ఒక 'సర్' వడ్డిస్తోంది. రొట్టె మీద గ్రేవీ పోసినట్టు!"

మేం వెతుకుతుండగానే వచ్చి కాఫీ కప్పుతో నిలబడ్డ చీఫ్ వైపు కెప్టెన్ తిరిగాడు. బోలండ్ కాఫీ చప్పరించి, "ఆమె కాదందిగా, కెప్టెన్. కర్నల్ గారొచ్చినా నేను చెప్పేదీ అదే" అన్నాడు.

హోల్కమ్ బల్లల వైపు చూశాడు. తరువాత చొక్కా చేతులు మడిచాడు. "అన్నీ విప్పాలంటే మా చేతులు పనికొస్తాయా?"

వెర్లీన్ ముఖం కాస్త వదులైంది. "మడవనివ్వను సర్. విప్పడానికి ఏ చేతులైనా చాలు."

ఆయన బయటికి కేకేశాడు. "లోపలికి రండ్రా! ఇవాళ మనమే లాండ్రీ!"

ఆ సాయంత్రం మా షెడ్డులో సార్జెంట్ల చారలూ ఆఫీసర్ల కడ్డీలూ కనిపించలేదు. భుజాల దాకా నైలాను. ఒక కెప్టెను, ఒక ప్రైవేటు ఒకే పారాచూట్ రెండు అంచులు పట్టుకుని దులుపుతుంటే, అది ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, మెల్లగా నేలకు వాలేది. మేం రోజంతా కట్టిన ఆకాశాన్ని విప్పి పారబోస్తున్నాం. ఒక్కరూ విసుక్కోలేదు.

వెర్లీన్ తాను మడిచినదాన్ని తానే విప్పింది. ఎదురుగా నేనున్నాను. చివరి మడతలోంచి ఉక్కు పట్టీ జారి ఆమె అరచేతిలో పడింది. చప్పుడు కూడా కాలేదు. గుప్పిట మూస్తే చాలు. తరువాత ఏ మూలనో పడేసి, ఎవరి కాలికో తగిలి దొరికిందంటే సరిపోయేది. ఆమె నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది.

చెయ్యి పైకెత్తింది. "దొరికింది. నాదే."

అందరూ చేతుల్లోని నైలాను వదిలి ఇటు తిరిగారు.

"ఫోన్ వచ్చినప్పుడు వదిలేసుంటాను" అంది. "మడతలో చెయ్యి ఉండగానే మనసు చీఫ్ అయిపోయింది."

ఒకరు మడిచింది మరొకరు తనిఖీ చేయాలి. ఆ పారాచూట్‌ను చూసింది ఓర్టెగా. ఎప్పుడూ నవ్వే ఆ ముఖం నైలాను కంటే పచ్చగా అయింది. అయినా ముందుకొచ్చాడు. "నేనూ చూడలేదు చీఫ్. రిపోర్టులో నా పేరూ రాయండి."

ఇద్దరూ టోపీలు తీసి బోలండ్ చేతికిచ్చారు. అదీ మా నియమమే. మళ్ళీ పరీక్షలో నెగ్గేదాకా టోపీ ఉండదు. ఆయన వాటిని పనిముట్ల పలక పక్కన మేకుకు తగిలించాడు.

"రాయక తప్పదు వెర్లీన్. ఇది పైకి వెళ్తే నీ పేరు ఆగిపోతుంది."

"రాయండి చీఫ్. నేను దాచే సార్జెంటునైతే, మీరు పైకి పంపిన పేరు నాది కాదు."

సోమవారం కబురు వచ్చింది. ఆ ఏటి పేర్లలో వెర్లీన్ స్ట్రౌడ్ లేదు. ఆమె తల ఊపి, కాఫీ తాగేసి, టోపీ లేని తల మీద జుట్టు సవరించుకుంటూ బల్ల దగ్గరికి నడిచింది. ఆ రోజు ఆమెకు పరీక్ష, ఓర్టెగా వంతు తరువాత. రెండు పారాచూట్లు మడవాలి. మర్నాడు ఒకటి తగిలించుకుని దూకాలి.

తనిఖీ నాకు పడింది. ప్రతి మడత దగ్గరా వేలు పెట్టి, వంగి చూశాను.

"అంత దగ్గరగానా మర్లో? ముద్దు పెట్టేసేలా ఉన్నావు."

"ముద్దేం ఖర్మ, అవసరమైతే కొరికి చూస్తా."

"అలా ఉండాలి" అంది.

శనివారం దూకడం వాయిదా పడి మంగళవారం జరిగింది. రన్‌వే పక్కన హోల్కమ్ దళం వరసగా నిలబడి ఉంది. వెర్లీన్ ఒక సంచి తగిలించుకుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమె తల మీద టోపీ లేదు. దళంలో అందరికీ అదెందుకో తెలుసు. కుర్రాళ్ళు ఆ రెండో సంచి వైపు, తరువాత తమ బూట్ల వైపు చూసుకున్నారు.

కెప్టెన్ తన వీపుకున్న సంచి విప్పి కింద పెట్టాడు. "సార్జెంట్, ఆ రెండోది మీరు మడిచిందేనా?"

"అవును, సర్."

"ఇలా ఇవ్వండి."

ఆమె సంచిని తన వైపు జరుపుకుంది. "సర్, మీకు వేరే సంచి ఉందిగా..."

"తప్పు చేస్తే చెయ్యెత్తేవాళ్ళు మడిచింది నాకు కావాలి. ఇది అడగడం కాదు. ఆజ్ఞ."

విమానం పైన తిరిగింది. నేను ఇసుక మైదానంలో మెడ రిక్కించి నిలబడ్డాను. తలుపులోంచి ఒక చుక్క రాలింది, వెంటనే ఇంకొకటి. గుండె ఒకసారి ఆగి కొట్టుకునేంతలో రెండు పువ్వులు విచ్చుకున్నాయి. తరువాత వరసగా ఇంకా, ఇంకా. నీలాన్ని ఎవరో దోసిళ్ళతో నింపుతున్నట్టుంది. మా చేతులు మూసిందంతా అక్కడ తెరుచుకుంటోంది. నేను లాండ్రీ వాణ్ణయినందుకు ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఏ పతకమూ ఇవ్వలేదు.

బోలండ్ ఎర్రటోపీ పట్టుకుని మైదానం మధ్యకు నడిచాడు. వెర్లీన్ ఒంటికంటిన ఇసుక దులుపుకోకుండానే దాన్ని పెట్టుకుంది. కొంచెం వంకరగా. హోల్కమ్ చేతుల నిండా నైలాను పొదువుకుని వచ్చి ఆమె ముందు ఆగాడు.

"తెరుచుకుంది, సార్జెంట్."

"తెరుచుకుంటుంది, సర్" అంది ఆమె, రెండు చేతులా అందుకుంటూ. "అందుకే కదా మడిచేది."